పెట్టెలో పడుకున్న మామ్మగారిని అడిగారా?

ప్రశ్న: మాస్టారూ, మాది ఆమదాలవలస. ప్రైవేటు స్కూల్లో సైన్సు చెబుతాను. నాలుగేళ్ళుగా స్కూలు వార్షికోత్సవాల్లో, తెలిసినవాళ్ళ పిల్లల పుట్టినరోజుల్లో చిన్న చిన్న మ్యాజిక్కులు చేస్తున్నాను. శ్రీకాకుళంలో ఒక పెద్దాయన ఉండేవారు. మా నాన్నగారి చిన్నతనం నుంచి జాతర్లలో, స్కూళ్ళలో మ్యాజిక్ షోలు వేసిన మనిషి. పోయిన ఏడాది కాలం చేశారు. వాళ్ళబ్బాయి ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా పాత పేపర్లవాడికి వేసేయబోతుంటే నేను వెళ్ళాను. పదిహేను వందలు తీసుకుని ట్రంకు పెట్టె మొత్తం ఇచ్చేశారు. అందులో ముప్పై పైచిలుకు పుస్తకాలు, ఇత్తడి గిన్నెల సెట్టు, రింగులు, పట్టుగుడ్డలు, ఒక పెన్‌డ్రైవ్, ఆయన చేత్తో రాసుకున్న లాంగ్ నోటు పుస్తకం ఉన్నాయి. నోటు పుస్తకం మొదటి పేజీలో ఎర్ర సిరాతో ‘ఎవరికీ చూపరాదు’ అని ఉంది. ఆయన బతికుండగా నేను రెండుసార్లు వెళ్ళి నేర్పమని అడిగితే నవ్వి పంపేశారు. మామ్మగారు (షోల్లో పెట్టెలో పడుకునేది ఆవిడే) ఇప్పుడు విజయనగరంలో కొడుకు దగ్గర ఉంటున్నారు. పెన్‌డ్రైవ్‌లో మూడొందల పైన పీడీఎఫ్‌లు, వీడియో కోర్సులు ఉన్నాయి. వాటిని వాట్సాప్ గ్రూపులో ఐదొందల చొప్పున అమ్ముదాం, ఫొటోకాపీ తప్పు కాదని ఢిల్లీ హైకోర్టే చెప్పింది అంటున్నాడు నా ఫ్రెండు. ఒక పుస్తకం మీద గ్రంథాలయం ముద్ర కూడా ఉంది. ఆయన నాకు నేర్పనన్నవి నేను ఇలా నేర్చుకోవచ్చా? స్కూల్లో ‘మహిమలు కావు’ అని కొన్నిటి గుట్టు పిల్లలకి చెబుతుంటాను, అదీ తప్పేనా? పెట్టె ఇంట్లో పెట్టుకున్న దగ్గర్నుంచి దొంగసొత్తు దాచినట్టు టెన్షన్‌గా ఉంది.

జవాబు: బాబూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నేనూ మీలాగే ఎర్ర సిరా దగ్గరా, పెన్‌డ్రైవ్ దగ్గరా ఆగిపోయాను. రెండోసారి చదువుతుంటే మీరు బ్రాకెట్లలో వేసి దాటిపోయిన ముక్క ఒకటి కంట్లో పడింది. షోల్లో పెట్టెలో పడుకునేది ఆవిడే అన్నారు. దాని సంగతికి వస్తాను. ముందు తేలిగ్గా తెమిలేవి తెమిల్చేద్దాం.

అచ్చు పుస్తకాలు మీవి. ఇందులో నాన్చడానికి ఏమీ లేదు. ఆ ప్రతి మీద రాసినవాళ్ళకీ వేసినవాళ్ళకీ రావలసింది మొదటిసారి అమ్ముడుపోయినప్పుడే వచ్చేసింది. ఆ తర్వాత అది ఎన్ని చేతులైనా మారొచ్చు. మన కాపీరైటు చట్టం, 1957 నాటిది, కొత్త ప్రతులు తీసే హక్కుని రచయిత దగ్గర ఉంచింది గాని, బజారులోకి వచ్చేసిన పుస్తకాన్ని ఇంకొకరికి అమ్మకూడదనీ ఇవ్వకూడదనీ అనలేదు. విజయవాడ ఏలూరు రోడ్డులో పాత పుస్తకాల షాపులూ, హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ బజారూ దాని మీదే నడిచాయి. అంతదాకా ఎందుకు, మీ శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం పెట్టారు. ఆ బీరువాల్లో ఉన్నవి చాలావరకు ఎవరో ఒకరి అటక మీద చెదలు పట్టవలసిన పాత పత్రికలే. పాత కాగితం పుచ్చుకోవడం సిగ్గుపడాల్సిన పనైతే ముందు ఆయన్ని అనాలి మనం.

‘ఆయన నేర్పనన్నవి’ అన్నారు. ఈ పుస్తకాల్లో ఉన్నవి ఆయన సొంతం కావు కదా. ఆయనా మీలాగే ఎక్కడో కొనుక్కుని, రాత్రుళ్ళు అద్దం ముందు కూచుని నేర్చుకున్నారు. మిమ్మల్ని నవ్వి పంపేశారంటే తన టైమూ తన ఓపికా మీకివ్వలేదు, అది ఆయనిష్టం. లోకంలో పుస్తకాలన్నిటికీ తాళం వేసి వెళ్ళలేదు.

ఫ్రాన్సులో రాబర్ట్-హూడిన్ అని 1805లో పుట్టిన ఇంద్రజాలికుడు ఒకాయన ఉన్నాడు. ఈనాటి స్టేజి మ్యాజిక్కుకి తండ్రి అంటారు. ఆయన అసలు పని గడియారాలు. కుర్రతనంలో గడియారాల తయారీ పుస్తకం కావాలని షాపుకి వెళ్తే, షాపతను తొందరలో వేరే పుస్తకాలు కట్టి చేతిలో పెట్టాడట. ఇంటికొచ్చి విప్పితే గారడీ! వెనక్కిచ్చేయలేదు, చదువుతూ కూచున్నాడు. ఇది ఆయనే తన జీవితకథలో రాసుకున్నది. గారడీవాడు చెప్పిన కథ కాబట్టి కొంచెం ఉప్పూకారం తగ్గించుకుని వినాలనుకోండి. అయినా, పొరపాటున చేతికొచ్చిన పుస్తకం చదివాడని ఆయన్ని దొంగ అన్నవాళ్ళు లేరు. డబ్బు కట్టాడు, షాపతనికి నష్టం లేదు.

మీకూ ఆయనకీ తేడా అక్కడే వస్తుంది. పదిహేను వందల దగ్గర.

మీరు వెళ్ళకపోతే అవి కిలోల లెక్కన పోయేవి, కాబట్టి పదిహేను వందలు ఎక్కువే అని మీ మనసు ఒక లెక్క చెబుతోంది. ఇంకో లెక్క కూడా చెబుతోంది, లేకపోతే ఆ టెన్షన్ దేనికి? మ్యాజిక్ పుస్తకాలు కథల పుస్తకాల్లా వేలకి వేలు అచ్చవ్వవు. షోలు వేసేవాళ్ళు సభల్లో పాఠం చెప్పి అక్కడికక్కడే అమ్ముకునే పల్చటి నోట్సులు మరీ తక్కువ వేస్తారు. మళ్ళీ అచ్చుకాని ఒక పుస్తకం కోసం దాచుకునేవాళ్ళు ఇచ్చే ధర మొత్తం మీ పెట్టె ఖరీదు కన్నా ఎక్కువ ఉండొచ్చు. ఆ సంగతి మీకు తెలుసు. తండ్రి పోయిన దుఃఖంలో, ఇల్లు ఖాళీ చేసే హడావుడిలో ఉన్న ఆ అబ్బాయికి తెలీదు. తెలిసినవాడు నోరు మెదపకుండా కొనుక్కుంటే చట్టం ఏమీ అనదు. నేను మాత్రం అంటాను. ఫోన్ చేసి, ‘అన్నయ్యా, ఇందులో కొన్ని డబ్బున్న పుస్తకాలు ఉన్నాయి, ఆరోజు నాకు చెప్పాలని తోచలేదు’ అనండి. ‘ఉంచుకో తమ్ముడూ, నేనేం చేసుకుంటాను’ అంటే పీడా పోయింది. కొన్ని వెనక్కి కావాలంటే ఇచ్చేయండి. ఇంకొంచెం డబ్బు అడిగితే నెలకింత అని ఒప్పుకోండి, ప్రైవేటు స్కూలు జీతం ఎంతో వాళ్ళకీ తెలుసు. ఈ ఫోన్ చెయ్యకుండా రేపు ఏ పుస్తకాన్నో ఐదు వేలకి అమ్ముకున్నారనుకోండి, అప్పుడు మీ పెట్టెలో ఉన్నది నిజంగా దొంగసొత్తే.

గ్రంథాలయం ముద్ర ఉన్న పుస్తకం గురించి ఎక్కువ చెప్పను. ముద్ర పక్కన రద్దు చేసినట్టు రాత గాని, ఇంకో ముద్ర గాని ఉందేమో చూడండి. లేకపోతే తీసుకెళ్ళి ఆ గ్రంథాలయంలో ఇచ్చేయండి. ఇన్నేళ్ళ ఆలస్యానికి జరిమానా మీ మీద వేస్తారేమోనని భయపడకండి, పుస్తకం తిరిగొస్తే వాళ్ళు టీ ఇప్పిస్తారు. మళ్ళీ మీరే కార్డు తీసుకుని అదే పుస్తకం ఇంటికి తెచ్చుకోవచ్చు.

గిన్నెలూ రింగులూ వందల ఏళ్ళ నాటి ఆటలు, వాటికి ఇప్పుడు సొంతదారు ఎవరూ లేరు. ఈమధ్య కాలంలో ఎవరో కనిపెట్టి, కంపెనీ ప్యాకెట్లో అమ్మిన ఐటమ్‌లు కొన్ని ఉంటే వాటి సంగతి వేరు. అలాంటి ప్యాకెట్లో వస్తువు విలువ ఇరవై రూపాయలుండదు. మనం ఇచ్చిన డబ్బంతా దాన్ని ఆలోచించిన బుర్రకి. ప్యాకెట్ చేతులు మారితే ఆ ఆట ఆడే హక్కూ దానితో మారుతుందని వృత్తిలో ఉన్నవాళ్ళు అనుకుంటారు. అమ్మినవాడు ఆ కాగితం జిరాక్స్ తీసి దాచుకోకూడదు. కొన్నవాడు నలుగురికి అలాంటివే తయారుచేసి అమ్మకూడదు. మీరు ఆడుకోండి. కార్పెంటరుకి చూపించి ఇంకో పది చేయించకండి.

ఇప్పుడు పెన్‌డ్రైవ్. మీ ఫ్రెండు తెలివైనవాడే. సగం నిజం చెప్పి మిగతా సగం మింగేశాడు. ఢిల్లీ హైకోర్టు 2016లో అన్నది విశ్వవిద్యాలయం విద్యార్థుల గురించి. అక్కడ ఫొటోకాపీ షాపులో సిలబస్‌కి కావలసిన పేజీలు కలిపి కట్టలుగా ఇస్తుంటే పెద్ద పెద్ద ప్రచురణ సంస్థలు కేసు వేశాయి. పాఠం చెప్పే క్రమంలో చేసుకునే ప్రతులకి మన చట్టంలోనే మినహాయింపు ఉందని కోర్టు చెప్పింది. వాట్సాప్ గ్రూపులో ఐదొందల చొప్పున వసూలు చేసేవాడు ఏ విశ్వవిద్యాలయంలో ఏ సబ్జెక్టు చెబుతున్నాడో అతన్నే అడగండి.

ట్రిక్కుకి కాపీరైటు ఉండదు కదా అని కూడా అంటాడు, చూడండి. అదీ సగం నిజమే. నాణెం ఎలా మాయం చెయ్యాలన్న ఉపాయానికి కాపీరైటు లేదు. దాన్ని వివరిస్తూ ఒకాయన రాసిన వాక్యాలకీ, గీసిన బొమ్మలకీ, తీసిన వీడియోకీ ఉంది. ఒక్కోసారి ఆటకే ఉంటుంది. లాస్ వేగాస్‌లో టెల్లర్ అనే ఇంద్రజాలికుడి ఆట ఒకటి ఉంది. కూజాలో గులాబీ, వెనక తెర మీద దాని నీడ. ఆయన కత్తితో నీడలోని రేకుని కోస్తే ఇక్కడ అసలు గులాబీ రేకు తెగి రాలుతుంది. నోట్లోంచి ఒక్క మాట రాదు. ఆ మూకాభినయాన్ని ఆయన 1983లోనే రిజిస్టరు చేయించుకున్నాడు. దాదాపు అలాంటిదే ఇంకొకడు చేసి అమ్మబోతే కేసు వేసి 2014లో గెలిచాడు. ట్రిక్కు ఎలా చేశావన్నది కోర్టు పట్టించుకోలేదు. చూసేవాడికి కనిపించే ఆటని ఎత్తుకొచ్చాడా లేదా అన్నదే చూసింది.

అలాగని పెన్‌డ్రైవ్ మొత్తం పాపం కాదు. మన దేశంలో రచయిత పోయాక అరవై ఏళ్ళు దాటితే ఆ పుస్తకం అందరిదీ. 1876లో ఇంగ్లీషులో ఇంద్రజాలం మీద లావుపాటి పుస్తకం రాసి వృత్తివాళ్ళ చేత తిట్లు తిన్న ప్రొఫెసర్ హాఫ్‌మన్ (నిజానికి ప్రొఫెసరూ కాదు, హాఫ్‌మనూ కాదు, ఏంజెలో లూయిస్ అనే లాయరు) 1919లో పోయాడు. అలాంటివాళ్ళవి ఉంటే నిక్షేపంగా ఉంచుకోండి, ఫ్రెండుకీ ఇవ్వండి, ఊరికే. బతికున్నవాళ్ళ కోర్సులు మాత్రం తుడిచేయండి. పెద్దాయన అవి కొనలేదు, ఎవరో కాపీ చేసిచ్చారు. ఆయన కొనని వస్తువు మీకెలా అమ్ముతారు?

డాలర్లలో ధరలు, పన్నెండు పదమూడు వేల జీతం, మేం ఎక్కణ్ణుంచి కొనగలం అంటారు. అనాలి కూడా. ఆ ఇబ్బంది నేను ఎరుగుదును. కానీ పేదవాడు పుస్తకం చదవడానికి మర్యాదైన దారి ఒకటి మనకి ముందునుంచీ ఉంది, అరువు తెచ్చుకోవడం. నలుగురు కలిసి ఒకటి కొని, చేతులు మార్చుకుని చదవండి. రాసినాయనకి ఒక ప్రతి డబ్బు ముడుతుంది. మూడొందల పీడీఎఫ్‌లు ఉన్నవాడికన్నా మూడు పుస్తకాలున్నవాడే బాగా నేర్చుకుంటాడు, ఇది మాత్రం నా అనుభవం. మీ ఫ్రెండు ఆ పెన్‌డ్రైవ్‌లో ఇప్పటిదాకా ఎన్ని పూర్తిగా చదివాడో కనుక్కోండి.

స్కూల్లో గుట్టు చెప్పడం తప్పా అన్నారు. దీనికి నా సొంత గొడవ ఒకటి చెప్పాలి. తొమ్మిదో తరగతిలో నా చేతికి ఒక సెకండ్ హ్యాండ్ గారడీ పుస్తకం వచ్చింది. అట్ట లేదు, ఇరవై పేజీలు లేవు. ఆ ఏడాది పైడితల్లమ్మ సిరిమాను జాతరకి గంటస్తంభం వైపు ఒకాయన గోనెపట్టా పరిచి మూడు గిన్నెలతో ఆట మొదలెట్టాడు. ఆయన పిల్ల, ఏడెనిమిదేళ్ళుంటాయి, సత్తు పళ్ళెం పట్టుకుని పక్కన కూచుంది. నేను ముందు వరసలో నిలబడి, బంతి ఎక్కడుందో గట్టిగా అరిచాను. జనం ఘొల్లున నవ్వారు. ఆయన కోప్పడలేదు. ‘బాబుగారికి తెలుసండీ, బాబుగారు చేస్తారు’ అని గిన్నెలు నా చేతికిచ్చాడు. గిన్నె బోర్లించేసరికి బంతి నా వేళ్ళ సందుల్లోంచి జారి దొర్లుకుంటూ వెళ్ళి జనం కాళ్ళ కింద పడింది. మళ్ళీ నవ్వులు, ఈసారి నా మీద. ఆయన ఇంకో బంతి తీసి, నేను పాడు చేసిన చోట నుంచే ఆట అందుకుని, చివర్లో నా చొక్కా జేబులోంచి ఆ పోయిన బంతిని తీశాడు. అదెలా వచ్చిందో ఈరోజుకీ చెప్పలేను. పళ్ళెం మాత్రం సగం కూడా నిండలేదు. నేను అరిచినప్పుడు వెళ్ళిపోయినవాళ్ళు మళ్ళీ రాలేదు.

దాన్నీ మీరు చేసేదాన్నీ ఒకే గాటన కట్టను. విభూతి రాల్చి, కర్పూరం మింగి, తనకి మహిమలున్నాయని డబ్బూ నమ్మకమూ గుంజేవాడి గుట్టు చెప్పాలి. జన విజ్ఞాన వేదిక వాళ్ళు ఊరూరా తిరిగి చేస్తున్నది అదే. 1584లో ఇంగ్లండులో రెజినాల్డ్ స్కాట్ కూడా ఆ ఉద్దేశంతోనే గారడీల గుట్టు అచ్చు వేయించాడు. అమాయక ముసలమ్మల్ని మంత్రగత్తెలని ఉరితీస్తున్న రోజులవి, ఇవి చేతి పనులేనయ్యా అని చూపించాలనుకున్నాడు. మనకిది దూరపు సంగతి కాదు. చిల్లంగి (చేతబడి) పెట్టారన్న అనుమానంతో మన ఏజెన్సీ ఊళ్ళలో ముసలివాళ్ళని కొట్టి చంపారన్న వార్త పేపర్లో ఇప్పటికీ వస్తోంది. అన్నట్టు, మీ పెట్టెలో వశీకరణం, చేతబడి బాపతు ఇంద్రజాలం పుస్తకాలు ఉంటే వాటిని స్కూలుకి పట్టుకెళ్ళకండి, ఊళ్ళో ఎవరికీ ఇవ్వకండి. మన తెలుగులో మ్యాజిక్కుకీ మంత్రానికీ ఒకే పేరు ఉండటం వల్ల వచ్చే చిక్కు ఇది.

కాబట్టి దొంగస్వాముల గుట్టు చెప్పండి. పట్టుగుడ్డ రంగు మారడం, రింగులు కలవడం లాంటివి, ఇది ఆట అని అందరికీ తెలిసి డబ్బులిచ్చి చూసేవి, పిల్లలకి విప్పి చెప్పకండి. మీ జిల్లాలోనే వాటి మీద బతికేవాళ్ళు ఇంకా నలుగురైనా ఉంటారు. వాళ్ళు రేపు అదే స్కూల్లో షో వేయాలి. నేర్చుకుంటానని వెంటపడే పిల్లాడికి మాత్రం విడిగా కూచోబెట్టి నేర్పండి. మీరు రెండుసార్లు అడిగి వెనక్కొచ్చినవాళ్ళు కదా, అతని మొహం మీకు తెలుస్తుంది.

ఇక నోటు పుస్తకం.

హుడినీ పేరు మీకు చెప్పనక్కర్లేదు. 1926లో పోయాడు. ఆయన సొత్తు ఎవరెవరికి వెళ్ళిందో చూస్తే నాకు ఆశ్చర్యంగా ఉంటుంది. జీవితమంతా పోగుచేసిన ఇంద్రజాలం పుస్తకాల్ని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి రాసిచ్చాడు. ఎవరైనా వెళ్ళి చదువుకోవచ్చు. షోల సామాన్లు, కొత్త ఉపాయాలు మాత్రం తమ్ముడు హార్డీన్‌కి ఇచ్చి, తమ్ముడి తర్వాత కాల్చి బూడిద చెయ్యమన్నాడు. అదే మనిషి, అదే విల్లు. పుస్తకం లోకానిది అనుకున్నాడు, తను కనిపెట్టుకున్నది తనతో పోవాలనుకున్నాడు. తమ్ముడు కాల్చలేదు. చాలా సామాన్లని ఇంద్రజాలం పిచ్చి ఉన్న ఒక కుర్రాడికి అమ్మేశాడు. అందుకే వాటిలో కొన్ని ఈనాటికీ ఉన్నాయి. అన్న మాట జవదాటాడని హార్డీన్‌ని తిట్టనా, మిగిల్చాడని మెచ్చుకోనా అంటే, నేను రెండూ చెయ్యలేను. ఒక్కటి మాత్రం ఉంది. హార్డీన్ అన్నతో కలిసి పెరిగినవాడు, తనూ అదే వృత్తిలో బతికినవాడు. అన్న ఆ మాట ఎందుకు రాశాడో, ఎంత పట్టుదలతో రాశాడో అతనికి తెలుసు. తెలిసి నిర్ణయం తీసుకున్నాడు.

‘ఎవరికీ చూపరాదు’ అని మీ పెద్దాయన ఎవరిని ఉద్దేశించి రాశారు? పోటీగా షోలు వేసే పక్క ఊరి మనిషినా? పుస్తకం మీద చెయ్యి వేసే సొంత కొడుకునా? ముప్పై ఏళ్ళ కిందట రాసి మరిచిపోయారా, పోయే ముందు నెల రాశారా? ఆ సిరా చూసి నేను చెప్పలేను, మీరూ చెప్పలేరు. వాళ్ళబ్బాయీ చెప్పలేడు, ఆయన చేతికి అది కిలోల్లో లెక్క.

చెప్పగలిగిన మనిషి ఒకరున్నారు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు.

ఒకసారి ఆలోచించండి. పెట్టెలో పడుకునేది ఆవిడే అన్నారు. మనిషిని కోసే ఆటలో ప్రేక్షకులు రంపం పట్టుకున్నవాడి మొహం చూస్తారు, చప్పట్లు అతనికే. అసలు పనంతా లోపల జరుగుతుంది. ఆ ఆట గుట్టు ఆవిడ నడుములో, మోకాళ్ళలో ఉంది. దాన్ని ఎంత కురచ పెట్టెలో ఎలా చెయ్యొచ్చో ఆయన కాగితం మీద గీసి ఉండొచ్చు, చేసి చూపించి ‘ఇలా కాదు, ఇంకో రెండంగుళాలు కావాలి’ అన్నది ఆవిడే అయ్యుండాలి. మీ పట్టుగుడ్డల అంచులు ఒకసారి చూడండి. మిషను మీద కుట్టినవా, చేత్తో కుట్టినవా? ఏదైనా సంచికి లోపలి వైపు రహస్యంగా వేసిన కుట్టు ఉంటే (దాని పేరు ఇక్కడ రాయను, మీకు తెలుస్తుంది) అది వేసిందెవరు? ఆ నోటు పుస్తకంలో సగం ఆవిడది. అట్ట మీద పేరు లేదంతే.

అందుకని ప్రస్తుతానికి నోటు పుస్తకాన్ని మూసి పక్కన పెట్టండి. ఇప్పటికే తిరగేసి ఉంటారు, నాకు తెలుసు, నేనైనా అదే చేస్తాను. దాని గురించి పశ్చాత్తాపపడుతూ కూచోకండి. ఇక ముందుకి చదవకుండా, ఫొటోలు తీయకుండా, ఫ్రెండు కంట పడకుండా చూడండి. ఆదివారం శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో రైలెక్కితే విజయనగరం ఎంతసేపు. వెళ్ళి మామ్మగారి దగ్గర కూచోండి. పుస్తకం చేతికిచ్చి, మొదటి పేజీ చూపించి, ‘ఏం చెయ్యమంటారు మామ్మగారూ’ అని అడగండి. కొడుకు పక్కనుండి ‘ఆవిణ్ణి ఎందుకులే’ అన్నా ఆవిణ్ణే అడగండి.

కాల్చేయమంటే అక్కడే ఇచ్చేసి రండి. ఒక్క పేజీ కూడా గుర్తుపెట్టుకుందామని చూడకండి, అది కష్టమే అయినా. మీ దగ్గరుంచుకోమని, నేర్చుకోమని అంటే, ఆయన ఉపాయాలు మీవవుతాయి. ఆయన స్టేజి మీద చెప్పే కబుర్లు మాత్రం ఆవిడ విడిగా ఒప్పుకుంటేనే వాడండి. ఉపాయం నేర్చుకోవచ్చు గాని ఒక మనిషి నలభై ఏళ్ళు నాలుక మీద అరగదీసిన మాటలు మక్కికి మక్కి దింపేస్తే, అవి విన్న పెద్దవాళ్ళు మీ ఊళ్ళో ఇంకా ఉన్నారు, పట్టేస్తారు. ఆ ఆట చేసేటప్పుడు ఇది ఫలానా వారిది, పెట్టెలో పడుకున్నది వారి భార్య అని ఇద్దరి పేర్లూ చెప్పండి. ఆవిడ ఏమీ తేల్చకుండా ఏడిస్తే, పుస్తకం ఆవిడ దగ్గరే వదిలి వచ్చేయండి. మళ్ళీ సంక్రాంతికి వెళ్ళండి. తొందరేమీ లేదు, మీకింకా ముప్పై పుస్తకాలు ఉన్నాయి.

బరువైనా సరే, వెళ్ళేటప్పుడు పెట్టె మొత్తం పట్టుకెళ్ళండి. నోటు పుస్తకం ఒక్కటే తీసుకెళ్తే, ఆవిడకి ఏదైనా చేసి చూపించాలనిపించినా చేతిలో గిన్నెలుండవు.